ఇవ్వని చేమిరి

మార్చి 2, సోమవారం
నీళ్ళు గడ్డకట్టడానికి పట్టిన సమయం: తొమ్మిది నిమిషాలు. హాలులో వేడి 29. బయట 36.

నిన్న ఏడు, మొన్న ఆరు. పెద్ద తేడా కాదు, అయినా రాస్తున్నాను. నాకు ఈ పని నేర్పిన అచ్చియ్యమ్మ గారు, "కంటికి కనబడింది రాసీయే రత్నం, దాని అర్థం తరవాతోళ్ళు సూసుకుంటారు" అనేవారు. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. నా తరవాత ఈ పుస్తకం ఎవరి చేతికి వస్తుందో తెలియదు గనక పని మొత్తం ఒకసారి రాసి పెడతాను.

తెల్లవారగట్ల నాలుగున్నరకి హాలు తాళం తీయాలి. ఇది ఒకప్పుడు భీమిలి పడవలకి ఐసు దిమ్మలు చేసిన ఫ్యాక్టరీ, ఇప్పుడు మన ఆడపిల్లల ఐసు హాకీ రింకు. గోడలు మూర మందం. కాళ్ళు కడుక్కుని, వట్టివేళ్ళ తడికలు తడిపి, నిన్నటి ఆటలో అరిగిన పై పొర గీకి, ఐసు పొట్టు చీపురుతో ఊడ్చి, నేలంతా రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు వదలాలి. అప్పుడు రాచ్చిప్ప మీద రాగి పళ్ళెం తీసి, నూకాలమ్మ తల్లిని తలుచుకుని, పాలకి తోడు వేసినట్టు చెంచాడు చేమిరి, నీళ్ళని ఐసు చేసే బతికున్న తోడు, ఈశాన్యం మూల వేయాలి.

ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ వేస్తున్నాను. రోజూ ఒళ్ళు జలదరిస్తుంది. ముందు చెంచా చుట్టూ చిన్న తెల్ల నక్షత్రం లేస్తుంది. దాని చేతులు సూదుల్లా సాగుతాయి. ఒక్కో సూదికి ఇంకో వంద పుడతాయి. మూకుట్లో నువ్వులు చిటపటలాడినట్టు సన్నని చప్పుడు చేసుకుంటూ ఆ తెలుపు అరవై మీటర్ల నేల మీద పరుగెడుతుంది. అది అవతలి మూలకి చేరేదాకా ఎంతసేపు పట్టిందో చూసి ఇక్కడ రాస్తాను, ఈ పేజీలు లీగ్ ఆఫీసు వాళ్ళకీ కనబడతాయి. తరవాత కొత్త ఐసు అంచు నుంచి చెంచాడు గీకి, మంచినీళ్ళతో కలిపి మళ్ళీ రాచ్చిప్పలో పెడతాను, రేపటికి.

మా నాన్న కరెంటు ఐసు దిమ్మలు మోసేవాడు. అవి ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. ఈ ఐసు కొత్త కుండలో నీళ్ళంత చల్లన, అంతే. ముప్పై నాలుగు డిగ్రీల దాకా రాయిలా నిలుస్తుంది. దీన్ని ఎవరు కనిపెట్టారో పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. నేను ఇంటర్‌తో చదువు ఆపిన మనిషిని, నాకు ఆ లెక్కలు అర్థం కావు. కానీ మొదటి చేమిరి పడింది ఈ రాచ్చిప్పలోనే. అందుకే లీగ్‌లో మనది తల్లి ఐసు. ఓస్లో, సపోరో, నైరోబీ, లేహ్, ఏ క్లబ్బు ఆడపిల్లలు ఆటకి వచ్చినా, వెళ్ళేటప్పుడు నాలాగే ఐసు చూసుకునే వాళ్ళ ఐసమ్మ మన దగ్గర చెంచాడు చేమిరి తీసుకుని వెళ్ళి, తమ ఐసులో కలుపుకుంటుంది. ఏడాదికి ఒకసారి. అది ఆచారం.

ఈ నెల ఇరవైన నరీన్ క్లబ్బుతో ఆట. కిర్గిజ్ కొండల్లోంచి వస్తారు.

మార్చి 5, గురువారం
పద్నాలుగు నిమిషాలు. హాలు 29.

నైరుతి మూల చాప వెడల్పున మెత్తగా ఉండిపోయింది. వేలితో నొక్కితే గుంట పడింది.

పొద్దున్న సాధనకి వచ్చిన పిల్లల్లో ముందు గమనించింది పోలేశ్వరి. జట్టుకి కెప్టెన్. ఇరవై నాలుగేళ్ళు. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. వాళ్ళమ్మా నేనూ ఒకే బడి, అందుకని నన్ను సిన్నమ్మా అంటుంది. రబ్బరు బిళ్ళ పక్‌ని గట్టిగా కొట్టి, అది మూల దాకా పోకుండా మధ్యలో ఆగిపోతే, కర్ర భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏటి సిన్నమ్మా ఇది? పక్కు ఎల్లట్లేదు. బురదలో కప్పలాగ సతికిలపడిపోతంది."

"కొంచెం నెమ్మదించిందమ్మా. సర్దుకుంటుంది."

"ఐసుకి జొరమొచ్చిందేటి?"

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక నవ్వు రాలేదు.

మార్చి 9, సోమవారం
ఇరవై ఒక్క నిమిషాలు. హాలు 29.

నీళ్ళు మార్చి చూశాను. రాచ్చిప్ప వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టి చూశాను. చెంచాకి బదులు మూడు చెంచాలు వేశాను. తేడా లేదు.

మధ్యాహ్నం లీగ్ ఆఫీసు నుంచి పరీక్షకురాలు హెలెనా ఫోన్ చేసింది. ఆమె భాష చెవిపూసలో తెలుగుగా వినిపిస్తుంది. ఆ తెలుగు రేడియో వార్తల్లా ఉంటుంది, కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఒకటే గొంతు.

"నూకరత్నం గారూ, మీ ఐసు ఒక్కటే కాదు. ఓస్లోలో పంతొమ్మిది నిమిషాలు. సపోరోలో ఇరవై. నైరోబీలో ఇరవై మూడు. పదింటిలో తొమ్మిది క్లబ్బులది ఇదే పరిస్థితి."

"పదోది?"

"నరీన్. అక్కడ ఆరు నిమిషాలు. ఎప్పటిలాగే."

చెప్పాల్సిన రెండో మాట కూడా చెప్పింది. నిబంధన ప్రకారం ఆట రోజు మధ్యాహ్నానికి సొంత రింకు ఐసు పది నిమిషాల్లోపు గడ్డకట్టాలి. లేకపోతే ఆట రద్దు, ఆ క్లబ్బు లీగ్ నుంచి బయటికి. మనకి ఇరవయ్యో తేదీ దాకా గడువు ఉంది. మన తరవాత ఒక్కొక్కటిగా మిగతా ఎనిమిదింటికీ ఆ రోజు వస్తుంది.

పోలేశ్వరికి చెప్పాను. స్కేట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంది.

"హార్బరు కమిటీవోళ్ళు ఈ హాలు మీద ఎప్పుడో కన్నేసీసినారు సిన్నమ్మా. మన పేరు లీగ్‌లో లేకపోతే మర్నాడే ఎండుసేపల గొడౌను అయిపోద్ది. నేనూ మాయమ్మలాగ ఆ సేపలే ఏరుకోవాల."

"అమ్మవారు ఉంది."

"అమ్మవారికి స్కేటింగ్ రాదు కదే!" అంది. వెంటనే రెండు చెంపలూ వాయించుకుంది.

మార్చి 11, బుధవారం
ముప్పై రెండు నిమిషాలు. దక్షిణం వైపు పూర్తిగా కట్టలేదు. సాధన సగం రింకులోనే జరిగింది.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

హెలెనా మనుషులు వచ్చి పట్టుకెళ్ళిన మన ఐసు ముక్కల్లో జబ్బు ఏమిటో తేలింది. పోయినేడు ఫిబ్రవరిలో అకాల తుఫాను వచ్చినప్పుడు సముద్రం పొంగి మన బావిలోకి చేరింది. నీళ్ళు వారం పాటు తోడించాం. ఎనిమిదో రోజు నాలుక మీద వేసుకుని, తియ్యగానే ఉన్నాయి వాడుకోవచ్చు అని చెప్పింది నేనే. పరీక్షకి పంపాల్సింది, పంపలేదు. ఉప్పు పోయింది గానీ సముద్రపు జీవి ఒకటి, కంటికి ఆననంత చిన్నది, ఆ నీళ్ళలో ఉండిపోయింది. అది ఏడాదిగా చేమిరిని కొద్దికొద్దిగా తింటోంది.

ఆ తరవాత మన ఆటలకి వచ్చిన ఎనిమిది క్లబ్బులకీ నేను నా చేత్తో చెంచాడు చేమిరి పోసి ఇచ్చాను. బొట్టు పెట్టి ఇచ్చాను.

హెలెనా అంది: "ఒక్క విషయం అర్థం కాలేదు. నరీన్ జట్టు కూడా పోయిన సంవత్సరం తుఫాను తరవాతే మీ దగ్గరికి వచ్చింది. మార్చి పద్నాలుగు, శుక్రవారం. మీ పుస్తకంలో ఆ పేజీ నా ముందుంది. 'ఇచ్చిన చేమిరి' అన్న చోట ఖాళీగా ఉంది. రాయడం మరిచిపోయారా?"

"మరిచిపోలేదండి. ఇవ్వలేదు."

"ఎందుకు?"

ఫోన్‌లో చెప్పలేకపోయాను. రేపు ఈ పుస్తకంలో రాస్తాను, చదువుకోండి అన్నాను.

మార్చి 12, గురువారం
ముప్పై ఎనిమిది నిమిషాలు.

పోయినేడు ఆ శుక్రవారం ఆట అయ్యేసరికి సందె పడింది. నేను హాలు గుమ్మం పక్కన గూట్లో దీపం పెట్టి దణ్ణం పెట్టుకుని లేచేసరికి, నరీన్ ఐసమ్మ ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. పేరు బురుల్. అరవై ఏళ్ళుంటాయి. తలకి తెల్ల గుడ్డ. గంటలో విమానం ఉంది, చేమిరి కావాలంది.

మా ఇంట్లో మా అమ్మ గానీ, వాళ్ళమ్మ గానీ, దీపం పెట్టాక చేమిరి గడప దాటించలేదు. పక్కింటి పిల్లకి జ్వరమొచ్చి పెరుగు అడిగినా, పొద్దున్న ఇస్తాననేవారు. అందులోనూ శుక్రవారం. ఇంటి లక్ష్మి ఆ చెంచాతో వెళ్ళిపోతుందని నమ్మకం. ఐసు చేమిరికి అది వర్తిస్తుందా అని ఎవరైనా అడగవచ్చు. నా చేతికి రెండూ ఒకటే. తక్కిన క్లబ్బులు పగలే వెళ్ళేవి గనక అంతకుముందు ఆ చిక్కు రాలేదు.

"రేపు పొద్దున్నే పంపుతాను" అన్నాను. ఆవిడ నా మొహం కేసి, దీపం కేసి చూసింది. ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆరా తీస్తే బతికున్న చేమిరిని పార్సిల్లో తీసుకోరని, మనిషే పట్టుకెళ్ళాలని తెలిసింది. వాళ్ళకి ఫోన్ చేసి ఆ ముక్క చెప్పాల్సింది. సిగ్గుపడ్డాను. వారం గడిచింది, నెల గడిచింది. పేజీలో ఆ చోటు ఖాళీగా వదిలేశాను. ఈ పుస్తకంలో నేను రాయకుండా దాచిన సంగతి అదొక్కటే.

ఇప్పుడు లోకంలో జబ్బు లేని ఐసు ఆవిడ దగ్గర తప్ప ఎక్కడా లేదు. నేను నీళ్ళ విషయంలో చేసిన తప్పు తొమ్మిది రింకులకి పాకింది. నేను మాట తప్పి చేసిన తప్పు పదో రింకుని కాపాడింది. పైనున్న తల్లి చెయ్యి ఎంత పెద్దదో, దాని నీడ ఎంత దూరం పడుతుందో ఈ రోజే చూశాను. అలా అని నా తప్పు తప్పు కాకుండా పోదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మార్చి 13, శుక్రవారం
నలభై అయిదు నిమిషాలు.

హెలెనా రాసింది చదివింది. నరీన్ వాళ్ళతో మాట్లాడింది. చేమిరి ఇవ్వడం ఇవ్వకపోవడం తమ ఐసమ్మ ఇష్టమని వాళ్ళ క్లబ్బు చెప్పిందట. ఐసమ్మ ఒకటే ప్రశ్న పంపింది.

"ఆట ఈసారి కూడా శుక్రవారమే. అయిపోగానే మేము వెళ్ళిపోతాం. ఈసారి నా డబ్బా నింపుతుందా, అడగండి."

పోలేశ్వరి నా పక్కనే ఉంది. "నింపుతానని సెప్పీయే సిన్నమ్మా! ఏటి ఆలోసిస్తావు?" అని నా మోచెయ్యి పట్టుకుని ఊపింది.

"మళ్ళీ సందెవేళే అవుతుంది పోలీ."

"అయితే అయినాది! దీపం పెట్టినాక ఇస్తే ఏటవుద్ది? ఐసు ఎలాగూ సచ్చిపోతంది కదా."

కానీ నేను ఆ దీపం దగ్గర పెరిగాను. మాట ఇచ్చి తప్పడం ఒకసారి అయింది. రెండోసారి వద్దు. ఏ ముఖంతో అమ్మవారి ముందు నిలబడాలో తెలియకుండానే "నింపుతాను" అని చెప్పమన్నాను.

మార్చి 16, సోమవారం
కట్టలేదు.

గంటన్నర చూశాను. నక్షత్రం లేచింది. బారెడు దూరం పాకింది. ఆగిపోయింది. ఆ తెలుపు అంచున చెయ్యి పెట్టి కూర్చున్నాను. పసిపిల్ల నిద్రలోకి జారుకున్నట్టు నీళ్ళలో కరిగిపోయింది.

పిల్లలు గుమ్మం దగ్గర స్కేట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

మార్చి 18, బుధవారం

బురుల్ జట్టు కన్నా రెండు రోజులు ముందే ఒక్కతే వచ్చింది. విమానాశ్రయం నుంచి తిన్నగా రింకుకే వచ్చింది. ఒళ్ళో గొర్రె ఉన్ని చుట్టిన డబ్బా. దాన్ని కింద పెట్టలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. బయట నలభై డిగ్రీలు. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. మజ్జిగ ఇస్తే గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు అడిగింది.

"అక్కా" అన్నాను. చెవిపూస దాన్ని ఆవిడ భాషలో "ఎజె" అంది. ఆ మాట విని ఆవిడ తల ఎత్తింది.

"మీకు నేను క్షమాపణ చెప్పాలి. ఆ రోజు దీపం పెట్టాక ఇవ్వకూడదని..."

"అది నాకు అప్పుడే తెలిసింది" అంది. "నీ దీపం చూశాను కదా. మా నాయనమ్మ కూడా పొద్దు గూకాక పాలకుండ గుడారం దాటనిచ్చేది కాదు. అందుకు నాకు కోపం రాలేదు."

"మరి?"

"రేపు పంపుతానన్నావు. పంపలేదు. నేను నెలంతా రోజూ రోడ్డు కేసి చూశాను. ఒకామె దీపానికి అంత భయపడుతుంది, మాటకి ఎందుకు భయపడదు అనుకున్నాను."

నేను తల దించుకున్నాను. ఆవిడ మూడో గ్లాసు మజ్జిగ తనే పోసుకుంది.

"ఇంత ఎండలో మీరు ఎలా బతుకుతున్నారు?" అంది. "మీ ఐసు చచ్చిపోయిందంటే ఆశ్చర్యం లేదు. నేనైతే ఎప్పుడో పోయేదాన్ని."

పక్కనున్న పోలేశ్వరి పకపకా నవ్వేసింది. "ఈవిడ మనూరి మనిషే సిన్నమ్మా! మొకం మీదే అనీసింది!"

సాయంత్రం ఆవిడ నేలంతా తిరిగి చూసింది. పాత ఐసు అడుగు పొరలు ఇంకా ఉన్నాయి. పైవి కరిగినా, ముప్పై ఏళ్ళ కిందటివి రాయిలా నేలని పట్టుకుని ఉన్నాయి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించి విన్నది.

"దీని మీద నా చేమిరి వేస్తే ఇదీ జబ్బు పడుతుంది" అంది. "అంతా తీసెయ్యాలి. నేల దాకా."

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. రాచ్చిప్పలో మిగిలిన ఆ కాస్త చేమిరి కూడానా అని అడిగాను. అది కూడా, అంది. ఆ మాట మెల్లగా అంది.

మార్చి 19, గురువారం

పొద్దున్న నాలుగు నుంచి ఇరవై ఇద్దరం పని చేశాం. జట్టు పిల్లలూ, వాళ్ళ తల్లులూ, నేనూ, బురుల్. గునపాలతో ఐసు పగలగొట్టి, గమేళాలతో మోసి, చేపలు ఉడికించే పెద్ద బానల్లో వేసి మరిగించాం. ఒక్క ముక్క కూడా సముద్రంలోకి పోకూడదని హెలెనా ఆజ్ఞ. పొరలు విరుగుతుంటే ఏ ఏడాది పొరో నాకు తెలుస్తూనే ఉంది. పోలేశ్వరి మొదటిసారి స్కేట్లు కట్టిన ఏడు. అచ్చియ్యమ్మ గారు పోయిన ఏడు. దానికీ కింద, నా చేత్తో మొదటిసారి చెంచా వేసిన రోజు. అన్నిటికన్నా అడుగున, నాకన్నా ముందు అచ్చియ్యమ్మ గారు కట్టిన పొరలు.

పదింటికి నేల బయటపడింది.

సింహాద్రి అప్పన్నకి ఏడాదంతా చందనం పూసి ఉంటుంది. ఒక్క రోజు తీస్తారు. ఆ ఒక్క రోజు నేను ఎనిమిది గంటలు వరుసలో నిలబడి, క్షణం పాటు ఆ రూపం చూసి, బయటికి వచ్చి మాట పడిపోయి మెట్ల మీద కూర్చున్నదాన్ని. ఈ రోజు మళ్ళీ అలాగే అయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఈ నేల చూడలేదు. నల్లటి గచ్చు. దాని మీద అచ్చియ్యమ్మ గారు తన చేత్తో సున్నంతో వేసిన చిన్న ముగ్గు, ఐసు కింద చెక్కుచెదరకుండా, నిన్న వేసినంత తెల్లగా ఉంది. నాలుగు చుక్కల ముగ్గు. ఎవరికీ చెప్పలేదు ఆవిడ.

నేను పెట్టాల్సిన దణ్ణం పెట్టాను. తరవాత దాన్ని కూడా మరిగే నీళ్ళతో కడిగేశాం. తప్పదు.

రాచ్చిప్ప నేనే తీసుకెళ్ళి బానలో బోర్లించాను. తడి గుడ్డతో తుడిచి, పొయ్యి మీద కాల్చాను. బురుల్ నా పక్కన నిలబడి తన చేతులు ఎత్తి ఏదో ప్రార్థన చదివింది. చెవిపూస దాన్ని తెలుగు చెయ్యలేదు. చెయ్యనందుకు సంతోషించాను.

సాయంత్రానికి పట్నం నుంచి పరీక్ష చేసిన నీళ్ళు మూడు ట్యాంకర్లు వచ్చాయి.

మార్చి 20, శుక్రవారం
అయిదు నిమిషాల నలభై సెకన్లు.

తెల్లవారగట్ల నీళ్ళు వదిలాం. పిల్లలు గోడల పొడుగునా వరుసగా నిలబడ్డారు. బురుల్ ఉన్ని విప్పి డబ్బా తెరిచి, నా వైపు పట్టింది.

"నువ్వు వెయ్యి."

"మీ చేమిరి కదా అక్కా."

"మాది కాదు" అంది. "పందొమ్మిదేళ్ళ కిందట ముసలమ్మ ఒకామె మా మొదటి ఐసమ్మకి ఇచ్చింది. ఏటేటా మేము మళ్ళీ తీసుకెళ్ళేవాళ్ళం, పోయిన ఏడాది తప్ప. మా పిల్లలు స్కేటింగ్‌కి వెళ్దాం అనరు. బిమిలి మీదికి వెళ్దాం అంటారు. మా ఊళ్ళో ఐసు పేరే బిమిలి. అది ఒక ఊరి పేరని సగం మందికి తెలియదు."

ఆ ముసలమ్మ అచ్చియ్యమ్మ గారే అయి ఉండాలి. చెంచా చేతిలోకి తీసుకుని ఈశాన్యం మూలకి నడిచాను.

నక్షత్రం లేచింది.

నా చెయ్యి వెనక్కి తీసుకునేలోపే అది నన్ను దాటి వెళ్ళిపోయింది. సూదులు కాదు, ఈకలు. పెద్ద పక్షి ఒకటి నీళ్ళ కింద రెక్కలు విప్పుకుంటున్నట్టు. చప్పుడు కూడా చిటపటలు కాదు, దూరాన కొండ మీద వాన మొదలైనప్పుడు వినబడే చప్పుడు. మధ్య గీత దాటింది. కిటికీల్లోంచి అప్పుడే పడుతున్న ఎర్రెండ దాని మీద పరుచుకుంటూ దానితో పాటు పరుగెత్తింది. అవతలి మూల నిలబడ్డ పోలేశ్వరి కాళ్ళ దగ్గర ఆగేసరికి, ఆ పిల్ల కదలకుండా, నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

ముందుగా తేరుకున్నది అదే. "ఇది లగెత్తింది సిన్నమ్మా!" అని కేక పెట్టింది. "నాకన్నా ఎక్కువ లగెత్తింది!"

మధ్యాహ్నం హెలెనా లెక్క చూసుకుని సరే అంది. మిగిలిన ఎనిమిది క్లబ్బుల ఐసమ్మలు నేల కడిగి, వచ్చే వారం నుంచి ఒక్కొక్కరుగా ఇక్కడికి వస్తారు. పగలు వస్తారు.

నాలుగింటికి ఆట మొదలయింది. ఊరు ఊరంతా వచ్చింది. పడవలవాళ్ళు వలలు భుజాన వేసుకునే వచ్చారు. స్కేట్లు ఐసుని కోసే చప్పుడు, కొత్త గుడ్డ చింపినట్టు. ఇంతకాలం పాత ఐసు ఎంత నీరసించిపోయిందో ఈ చప్పుడు విన్నాకే తెలిసింది. పక్ కొడితే కంటికి అందలేదు. మన పిల్లలకి ఆ వేగం అలవాటు లేదు. రెండుసార్లు పోలేశ్వరి తన పక్‌ని తనే దాటిపోయి, వెనక్కి తిరిగి దాన్ని తిట్టింది. నరీన్ పిల్లలకి అది పుట్టిన నేల. అయినా మనవాళ్ళు మూడుకి మూడు దాకా లాగారు. అదనపు సమయం ఇచ్చారు.

అప్పుడు నేను కిటికీ చూశాను. పొద్దు గూకుతోంది.

ఆరూ పది. వీధిలో ఒక్కొక్క ఇంటి గూట్లో దీపాలు లేస్తున్నాయి. నా గూడు చీకటిగా ఉంది. వత్తి వేసి, నూనె పోసి ఉంచాను. అగ్గిపెట్టె కొంగున ముడి వేసుకున్నాను. నాకు బుద్ధి తెలిశాక ఏ ఒక్క సందెవేళా నా దీపం ఆలస్యం కాలేదు. ప్రసవం రోజున కూడా మా అమ్మ చేత పెట్టించాను.

గూటి ముందు నిలబడి మెల్లగా చెప్పుకున్నాను. "తల్లీ, ఒక్క మాట బాకీ ఉంది. అది తీర్చి నీ దగ్గరికి వస్తాను. కాస్త ఆగు."

లోపల పెద్ద కేక లేచింది. నరీన్ గోలు వేసింది. నాలుగు, మూడు. ఆట అయిపోయింది.

నేను ఐసు మీదికి వెళ్ళి అంచు నుంచి చెంచాడు గీకి, మంచినీళ్ళతో కలిపి, బురుల్ డబ్బాలో పోశాను. మూత పెట్టి ఉన్ని చుట్టాను. ఆవిడ కోసం చూస్తే గుమ్మం బయట గుడ్డ పరుచుకుంటోంది. పడమటి వైపు తిరిగింది. "ఒక్క నిమిషం" అన్నట్టు నాకు చెయ్యి చూపించింది. ఆవిడకీ ఇదే వేళ.

డబ్బా రెండు చేతులా పట్టుకుని ఆవిడ ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డాను. నా గూడు చీకట్లో, ఆవిడ నుదురు నేల మీద, సముద్రం మీద ఇంకా కాస్త ఎరుపు. నేను ఇంతకన్నా నిండైన సందెవేళ చూడలేదు.

ఆవిడ లేచి వచ్చింది. డబ్బా అందుకుని మూత తీసి లోపలికి చూసింది. మూత పెట్టింది. నా చీకటి గూడు కేసి చూసింది.

"ఇంకా పెట్టలేదా?"

"మీ కోసం ఆగమన్నాను."

"ఆగిందా?"

"ఆగిందక్కా."

ఆవిడ డబ్బా గుండెకి ఆనించుకుంది. అప్పుడు నేను కొంగు ముడి విప్పి, అగ్గిపుల్ల గీసి, దీపం పెట్టాను.

పోలేశ్వరి చెమటలు కారుతూ వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఏడ్చిందో లేదో చీకట్లో తెలియలేదు.

"ఓడిపోనాం సిన్నమ్మా."

"చూశానమ్మా."

"పరవాలేదు" అంది. కర్ర గోడకి ఆనించి, "పక్కు జారింది" అంది.

ఇచ్చిన చేమిరి: నరీన్, ఒక చెంచా. పోయినేటిది కూడా ఇందులోనే.